ఎండ చూడని గొంగడి

ఈరవ్వ మొగుడు చచ్చిపోయిన ఏడాదికి మళ్లీ ఊపిరి తీయడం మొదలుపెట్టాడు.

ఈ మాట నాది కాదు, ఆమెదే. కోడి కూసే వేళకు మైసన్న వచ్చి పక్కన పడుకుంటాడట. కంటికి కనబడడు, చేతికి తగలడు. ఊపిరి మాత్రం వినబడుతుంది, సన్నగా ఈల వేసినట్టు. బతికున్నప్పుడూ అతని ఊపిరి అంతే. చిన్నతనంలో కోడె కొమ్ము తగిలి ముక్కు దూలం వంకరపోయింది. కన్ను మూతపడితే చాలు, వచ్చే గాలికీ పోయే గాలికీ ఈలే. కాబట్టి ఆ చప్పుడు ఎవరిదని ఈరవ్వ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. భయపడలేదు కూడా. కదిలితే పోతాడేమోనని కళ్లు మూసుకుని అలాగే పడి ఉండేది. పూర్తిగా మెలకువ వచ్చి లేచి కూర్చుంటే ఆ ఊపిరి ఆగిపోయేది.

మైసన్న ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి టేషనుకు బండి తోలేవాడు. పోయేటప్పుడు వడ్లు, వచ్చేటప్పుడు ఉప్పు, గ్యాస్‌నూనె డబ్బాలు. బండి మీదే తిండి, బండి మీదే పడక. ఒక నల్లగొంగడి ఉండేది. వానకు అదే గొడుగు, చలికి అదే ఇల్లు. ఒక వానాకాలం చలిజ్వరంతో వణుకుతూ ఇంటికి వచ్చి, ఆ గొంగట్లోనే ముడుచుకుని, ఆ గొంగట్లోనే పోయాడు.

చచ్చినవాడి బట్టలు చాకలికి ఇచ్చేయడం అక్కడి ఆనవాయితీ. ఈరవ్వ ధోవతి ఇచ్చింది, తలరుమాలు ఇచ్చింది. గొంగడి మాత్రం ఎలుకలు కొట్టేశాయని చెప్పి పెట్టెలో దాచింది. ఆ మాట ఎవరూ నమ్మలేదు. గొంగడిని కొట్టిన ఎలుక ధోవతిని ఎందుకు వదిలేసిందని చాకలి వాళ్లావిడ అడిగింది కూడా. మొగుడు పోయిన మనిషితో అంతకంటే వాదించలేక ఊరుకుంది.

గొంగడిని ఉతకరు గానీ వానలు వెళ్లాక ఎండలో వేసి కట్టెతో బాదుతారు. దుమ్ము రాలుతుంది, చెమ్మ పోతుంది, పురుగు చస్తుంది. ఈరవ్వ ఒక్కసారి కూడా ఎండేయలేదు. ఎండ తగిలితే మైసన్న వాసన పోతుందని ఆమె భయం. చుట్ట పొగ, ఎడ్ల చెమట, బండి ఇరుసుకు రాసే కందెన. ఈ మూడూ కలిస్తే మైసన్న. ఆ గొంగడిని రాత్రి మొహం మీదికి లాక్కుని పడుకునేది, పొద్దున మడిచి పెట్టెలో పెట్టి తాళం వేసేది. గాలి కూడా తగలనిచ్చేది కాదు.

ముక్కు పాడవడం మైసన్న పోయిన మరుసటి ఏడాది మొదలైంది. ముందు తుమ్ములు. తెల్లవారుతూనే వరసపెట్టి తుమ్మేది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. వాడలో వాళ్లు "ఈరవ్వ తుమ్మింది, లేవున్రి" అని పిల్లలను లేపుకునేవాళ్లు. ప్రయాణం ఉన్నవాళ్లు మాత్రం ఆమె తుమ్మకముందే చీకట్లోనే ఊరు దాటిపోయేవాళ్లు, శకునానికి దొరక్కుండా. తరవాత ముక్కు రెండు వైపులా మూసుకుపోయింది. కనుబొమ్మల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. నాటుకు వంగితే చెంపల ఎముకలు సలిపేవి. అంబలికీ పులుసుకూ తేడా తెలియడం మానేసింది. పడిశం పది రోగాల పెట్టు అంటారు. ఈరవ్వ ఇంటికి ఆ పదీ చుట్టాల్లాగా వచ్చాయి, వెళ్లే ఊసెత్తలేదు.

ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. హన్మవ్వ, మైసన్న అక్క. పడుచుతనంలోనే మొగుడు పోతే తమ్ముడి ఇంటికి వచ్చి ఉండిపోయింది. ఇప్పుడు తమ్ముడూ పోయాడు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక పొయ్యి. మధ్యలో ఒక మట్టిగోడ, ఇవతల ఈరవ్వ పడక, అవతల హన్మవ్వది. హన్మవ్వకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆమె ప్రేమ కూడా తిట్ల రూపంలోనే బయటికి వచ్చేది.

వావిలాకు మరగబెట్టి ఆవిరి పట్టించింది. పసుపు కొమ్ము దీపం మీద కాల్చి పొగ పీల్పించింది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. సాయంత్రానికి ఒక పక్క ముక్కు కాస్త తెరుచుకునేది. ఈరవ్వ గొంగడి కప్పుకుని పడుకునేది. తెల్లవారేసరికి మళ్లీ మొదటికే వచ్చేది.

"ఇది పడిశం గాదు. గిది వేరే," అంది హన్మవ్వ చివరికి. జుక్కల్ వైపు నుంచి దేవర పూనే గంగాబాయిని పిలిపించింది.

గంగాబాయి వచ్చి, పసుపు పూసుకుని, జుట్టు విరబోసుకుని ఊగింది. ఊగుతూ ఊగుతూ పెట్టె వైపు చెయ్యి చూపించింది.

"అర్రె బాయి, ఈడనే ఉన్నడు! గొంగట్ల ఉన్నడు! రోజు నీ ముక్కు మీద కూసుంటున్నడు. గొంగడి తీస్కపోయి వాగుల ఇడువు, పోతడు!"

ఈరవ్వ ముందుకు జరిగి కూర్చుంది. ఎన్నో రోజులకు ఆమె మొహం వెలిగింది.

"ఉన్నడా? నిజంగ ఉన్నడా? చలి పెడ్తున్నదా ఆయినకు? జొరం తగ్గిందా?"

గంగాబాయి పూనకం మధ్యలోనే ఒక కన్ను తెరిచి హన్మవ్వ వైపు చూసింది. దయ్యాన్ని వెళ్లగొట్టమని కాళ్లు పట్టుకున్న వాళ్లను చూసిందిగానీ, దయ్యం యోగక్షేమాలు అడిగే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇచ్చిన కొబ్బరికాయ తీసుకుని, తన చేతిలో ఏమీ లేదని చెప్పి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఈరవ్వ గొంగడిని నెత్తి మీది నుంచి కప్పుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు అనుమానమైనా ఉండేది. ఇప్పుడు దేవరే చెప్పింది. మనిషి చిక్కి సగమైంది. కళ్ల కింద నల్లటి చారలు. ఒకనాడు పొద్దెక్కినా లేవకపోతే హన్మవ్వ వచ్చి గొంగడి లాగింది. ఈరవ్వ నోరు తెరుచుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. గట్టున పడ్డ చేప లాగా గాలి కోసం కొట్టుకుంటోంది.

హన్మవ్వ ఆమెను కూర్చోబెట్టి వీపు మీద చరిచింది. ఊపిరి అందాక తిట్టడం మొదలుపెట్టింది.

"సస్తవా? సస్తె ఏమైతదో ఎరుకేనా?"

"ఏమైతది వదినె. ఆయిన కాడికే పోత."

"పో! మరి నేనెవ్వని కాడికి పోవాల్నే?"

హన్మవ్వ ఏడవడం ఈరవ్వ అదే మొదటిసారి చూడటం. తమ్ముడు పోయినప్పుడు కూడా ఆమె ఏడుపు ఆపుకుని వచ్చినవాళ్లకు నీళ్లు అందించింది. ఆ ఏడుపు చూడలేక, కామారెడ్డి హకీం దగ్గరికి వస్తానని ఈరవ్వ ఒప్పుకుంది. గొంగడిని ముట్టుకోనని హన్మవ్వ చేత తమ్ముడి మీద ఒట్టు వేయించుకున్నాకే బండెక్కింది.

జర్మనీ లడాయి మొదలైన ఏడు అది. బజార్లో గ్యాస్‌నూనె సరిగ్గా దొరక్క హకీం ఇంట్లో ఆముదం దీపం వెలుగుతోంది. ఆయన ముసలాయన. దీపం దగ్గరికి పెట్టి ఆమె ముక్కులోకి చూశాడు, చెంపల మీద వేలితో తట్టాడు, నాడి చూశాడు. తరవాత మందు సంగతి వదిలేసి ఇల్లు ఎట్లా ఉంటుంది, ఎక్కడ పడుకుంటావు, ఏం కప్పుకుంటావు అని అడిగాడు.

"గొంగడి సాబ్. మా ఆయినది."

"ఎండేస్తవా బేటీ?"

"ఎయ్య."

"క్యోఁ? ఎందుకు ఎయ్యవ్?"

"వాసన పోతది. ఆయిన వాసన."

హకీం నవ్వలేదు. "ఆ వాసన నీకు వస్తదా?" అని అడిగాడు.

 ఈరవ్వకు ఏ వాసనా తెలిసి చాలా కాలమైంది. గొంగడిని మొహం మీదికి లాక్కోవడం తెలుసు, అందులో మైసన్న ఉన్నాడని తెలుసు. కానీ వాసన ఎప్పుడు వచ్చింది చివరిసారి?

"వస్తలేదు," అంది మెల్లగా.

"మరి ఉన్నదని ఎట్ల ఎరుక?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. హకీం గొంతు తగ్గించాడు. "సునో బేటీ. పాత గొంగట్ల దుమ్ము ఉంటది, బూజు ఉంటది. అది నీ ముక్కుకు దుష్మన్. నువ్వు అది కప్పుకున్నన్ని రోజులు నా దవా పని చెయ్యది. కొన్ని రోజులు ఈడనే ఉండు, గొంగడి లేకుంట పండుకో. ముక్కు తెరుచుకుంటది. అప్పుడు పోయి నువ్వే వాసన చూడు. ఉంటే ఉంచుకో, నేనెందుకు వద్దంట?"

బాగుపడితే మైసన్న వాసన చూడొచ్చు. ఈరవ్వకు మందు మీద ఆశ పుట్టింది అప్పుడే, అందుకే. బతకడానికి కాదు.

కామారెడ్డిలో ఆమె చెల్లెలు రామవ్వ ఇల్లు టేషను వెనక ఉండేది. అక్కడ ఉండిపోయింది. ఉతికిన దుప్పటి కప్పుకుంది. హకీం చెప్పినట్టు గోరువెచ్చని ఉప్పునీళ్లు ఒక ముక్కులో పోసి ఇంకో ముక్కు నుంచి వదిలింది, ఆవిరి పట్టింది, మాజూన్ అనే తియ్యటి లేహ్యం మింగింది. మొదటి కొన్ని రోజులు తెల్లవారుజామున అక్కడ కూడా ఈల వినబడింది. మైసన్న వెంట వచ్చాడని మురిసిపోయింది. ఎంతైనా బండి తోలిన మనిషి, ఆ దారి అతనికి కొత్తా?

తరవాత ఈల సన్నబడసాగింది. కొన్ని రోజులు మధ్య మధ్య వినబడింది. కొన్ని రోజులు చెవి రిక్కించి వినాల్సి వచ్చింది. ముక్కులోకి గాలి ఎంత బాగా దూరుతుంటే మైసన్న అంత దూరం పోతున్నాడు. ఆ సంగతి గ్రహించిన పొద్దున ఈరవ్వ మాజూన్ డబ్బా పట్టుకుని దొడ్డి వైపు వెళ్లింది, పారబోయడానికి. చాలాసేపు అక్కడే నిలబడింది. గొంగట్లో వాసన ఉంది కదా, ఈల పోతే పోనీ, వాసన దొరుకుతుంది అని తనకు తాను చెప్పుకుని డబ్బా తిరిగి లోపల పెట్టింది. ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకు ఎంత గుండె కావాల్సి వచ్చిందో రామవ్వకు తెలియదు. అక్క దొడ్లోకి పోయి వచ్చిందనుకుంది.

ఒకరోజు రామవ్వ పొయ్యి మీద ఎల్లిపాయ కారం వేయిస్తుంటే ఈరవ్వ ఉలిక్కిపడి లేచింది.

"ఏందే అది?"

"ఎల్లిపాయనే అక్క. ఏమాయె?"

ఈరవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. తరవాత రెండు గిన్నెల అన్నం తిన్నది. ఆ సాయంత్రమే ఇంటికి పోతానని పట్టుబట్టింది.

మైసన్నతో పాటు ఆ బాటలో బండి తోలిన లింగం వడ్లు దింపి తిరిగి పోతున్నాడు. అతని బండెక్కింది. లింగం చుట్ట వెలిగించాడు. ఎడ్ల వీపుల నుంచి చెమట వాసన, ఇరుసు నుంచి కందెన వాసన, దాని మీద చుట్ట పొగ.  ఈరవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి కూర్చుంది.

"పొగ పడ్తలేదా వదినె? ఆర్పేస్త," అన్నాడు లింగం.

"ఒద్దు లింగం, తాగు. మంచిగున్నది."

దారంతా ఆ వాసన పీల్చుకుంటూ వచ్చింది. ఎల్లారెడ్డి బాటలో బండి తోలే ప్రతి మగవాడి దగ్గరా అదే వాసన వస్తుందన్న ఆలోచన ఆమెకు రాలేదు. రాబోతే రానివ్వలేదు.

ఇల్లు చేరి, కాళ్లు కూడా కడుక్కోకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది. పెట్టె తాళం వేసినట్టే ఉంది. హన్మవ్వ ఒట్టు తప్పలేదు. గొంగడి తీసి ఒళ్లో పెట్టుకుంది. తొందరపడలేదు. ముందు ముక్కు చీదుకుంది. కళ్లు తుడుచుకుంది. అప్పుడు మొహం అందులో దాచుకుని, ఇన్నేళ్లుగా పీల్చలేని ఊపిరి అంతా ఒక్కసారిగా పీల్చింది.

బూజు వాసన వచ్చింది. ఎలుకల వాసన వచ్చింది. వాటి కింద ఇంకో వాసన ఉంది. ఆముదం. తలకు పెట్టుకునే ఆముదం. ఆరిపోయిన శొంఠి పట్టు. వావిలాకు. ఆడమనిషి చెమట, ఆడమనిషి కన్నీళ్లు. ఆమె గొంగడిని తిప్పి చూసింది, అంచులు చూసింది, మడతల లోపల చూసింది. ఎక్కడ చూసినా తనే ఉంది. మైసన్న వాసన పోకుండా ఇన్ని రాత్రులు తన ఒంటితో కాపలా కాసింది. కాపలా మనిషి వాసనే మిగిలింది.

తుమ్ము వచ్చింది. ఆపుకోలేకపోయింది. వరసగా తుమ్ముతూ, ఏడుస్తూ తలుపు తీసింది. హన్మవ్వ గడప మీదే కూర్చుని ఉంది.

"వదినె, నువ్వు చూడు. నా ముక్కు ఇంక మంచిగ కాలేదేమో. నువ్వు చూసి చెప్పు."

హన్మవ్వ గొంగడి అందుకోలేదు. "నేనెప్పుడో చూసిన," అంది.

"ఎప్పుడు?"

"వాడు పోయినంక మొదటి చలికాలం ఎల్లిపోయినప్పుడే. నువ్వు తాళం మరిచి నీళ్లకు పోయినప్పుడు. అప్పటికే లేదు. ఉత్త నీ వాసననే."

ఈరవ్వకు మండిపోయింది. "మరి చెప్పకపోతివి! ఇన్నొద్దులు నన్ను పిచ్చిదాన్ని చేస్తివి!"

"చెప్తె నీకేం మిగుల్తుండె?" అంది హన్మవ్వ. "ఉన్నదని నువ్వంటివి. నువ్వంటుంటె నాకు గూడ ఉన్నట్టే అనిపిస్తుండె. గట్లనే ఊకున్న."

ఈరవ్వ గొంగడి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కంచె మీద పరిచింది. హన్మవ్వ కట్టె తెచ్చింది. ఇద్దరూ చెరో వైపు నిలబడి బాదారు. నల్లటి దుమ్ము మబ్బులాగా లేచింది. హన్మవ్వ కూడా తుమ్మింది. రోడ్డు మీద పోతున్నవాళ్లు ఆగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయారు. ఎండ పడేసరికి గొంగడి ఉత్త గొంగడి వాసన వేసింది, గొర్రె బొచ్చు వాసన.

ఈరవ్వ కొద్ది రోజులు బాగా ఏడ్చింది. తరవాత ఆకలి వేసింది. ఆరోగ్యానికి సిగ్గుండదు. పచ్చిపులుసు పులుపు తెలిసింది, నాట్లలో బురద వాసన తెలిసింది, తల నొప్పి లేకుండా వంగి పని చేసింది. రాత్రి పడుకుంటే పొద్దున్నే లేచేది. తుమ్ము లేదు. ఈల లేదు. వాడలో పిల్లలు ఆలస్యంగా లేస్తున్నారని తల్లులు నవ్వుకున్నారు.

చిక్కిపోవడం ఇప్పుడు హన్మవ్వ వంతు అయింది. ముద్ద తినేది కాదు. తిట్లు కూడా తగ్గాయి. అది చూసి ఈరవ్వకు నిజంగా భయం వేసింది. తిట్టని హన్మవ్వ ఆ ఇంట్లో దయ్యంలాగా తిరుగుతోంది. తెల్లవారుజామున లేచి చూస్తే గోడకు వీపు ఆనించి కూర్చుని ఉండేది. ఏమైందంటే ఏం లేదనేది.

ఒక పొద్దున, ఇంకా చీకటి వీడకముందే, గోడ చుట్టూ తిరిగి వచ్చి ఈరవ్వ పక్కన కూర్చుంది.

"నిద్ర పోయినవా?"

"లేదు వదినె."



"పొద్దుగాల ఈల వస్తుండె గద," అంది హన్మవ్వ. "గది నీ ముక్కే ఈరవ్వ. నీ ముక్కు మూస్కపోయి గట్ల పల్కుతుండె. నాకు మొదటి నుంచే ఎరుక. నేను గోడ అవుతల పండుకొని ఇంటుండె. కండ్లు మూస్కుంటె అచ్చం మా తమ్ముడే. నాకు గది సాలు అనిపిస్తుండె."

ఈరవ్వకు ఆ సంగతి తెలియక కాదు. గొంగడి వాసన తెలిసిన రోజే ఇదీ తెలిసింది. ఎవరూ పైకి అనలేదు కాబట్టి ఇంకా కొంచెం మైసన్న మిగిలి ఉన్నాడు. ఇప్పుడు ఆ కొంచెమూ పోయింది.

"మరి ఇలాజు, మందు అని నా పాణం తోడితివి గద వదినె."

"నువ్వు సస్తవని భయమైంది," అంది హన్మవ్వ. ఆ తరవాత చిన్నపిల్ల గొంతుతో, చీకట్లో మొహం అటు తిప్పుకుని అడిగింది. "ఒక్కపారి ముక్కు మూస్కొని ఊపిరి తీస్తవా? ఒక్కపారే. మల్ల అడగ."

ఈరవ్వ నవ్వలేదు. వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, ఒక ముక్కు వేలితో నొక్కి ఊపిరి తీసింది. గాలి చల్లగా, చప్పుడు లేకుండా లోపలికి పోయింది. రెండోది నొక్కింది. సగం నొక్కింది. దూలాన్ని పక్కకు వంచి పట్టుకుని తీసింది. మైసన్న ఎట్లా తీసేవాడో గుర్తు చేసుకుని, ఆగి ఆగి తీసింది. హన్మవ్వ చెవి దగ్గరికి తెచ్చి వింటోంది. ఎంత నొక్కినా ముక్కు శుభ్రంగానే ఉంది. నొప్పికి కళ్ల నీళ్లు కారాయి. ఆమె వదల్లేదు, ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"వస్తలేదు వదినె," అని ఏడ్చింది. "ఎంత జేసినా వస్తలేదు."

హన్మవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ముక్కు మీది నుంచి తీసేసింది.

"ఇడువు," అంది. "మంచిగ తీస్కో ఊపిరి."